జూన్‌లో వచ్చినవాళ్లలో ఫిబ్రవరికి ఎంతమంది?

చిన్నీ,

నీ వాయిస్ మెసేజీలు విన్నాను. బడిలో కొత్తగా సిమెంటు కోర్టు వేశారని, స్తంభాలూ బోర్డులూ నిలబెట్టారని, హెడ్మాస్టరుగారు "అమ్మాయిల జట్టు తయారుచెయ్యండి మేడమ్, ఈ ఏడాది జిల్లాకు వెళ్లాలి" అన్నారని చెప్పావు. అందరూ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. ఒక్కరూ ఇంతవరకు బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. "ఎలా మొదలుపెట్టాలి పెద్దమ్మా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చెబుతాను. జూన్‌లో పదహారు మంది వచ్చారనుకో. ఫిబ్రవరిలో పరీక్షల గొడవ మొదలయ్యేనాటికి వాళ్లలో ఎంతమంది ఇంకా కోర్టులోకి వస్తున్నారు? ఈ ఏడాది నీ పనితనమంతా ఆ అంకెలోనే ఉంటుంది. ఆ వయసు ఆడపిల్ల ఆట మానెయ్యడానికి వంద కారణాలుంటాయి, కొనసాగడానికి ఒకటో రెండో ఉంటాయి. ఆ ఒకటీ రెండూ నువ్వే సమకూర్చాలి. పన్నెండు మంది నిలబడితే వచ్చే ఏడాదికి నీకో జట్టు ఉన్నట్టు. ఐదుగురే మిగిలి, వాళ్లే ఓ కప్పు తెచ్చినా, ఎనిమిది దాటి పై తరగతికి వెళ్లగానే నువ్వు మళ్లీ మొదటికి వస్తావు.

కాబట్టి మొదటి నెలలో సెలక్షన్ పెట్టకు. వచ్చినవాళ్లందరినీ ఉంచుకో. ముఖ్యంగా పొడుగు చూసి ఏరకు. ఆడపిల్లలు ఎక్కువగా పదకొండు, పన్నెండేళ్ల మధ్యే ఒక్కసారిగా ఎదుగుతారు. ఆరో తరగతిలో అందరికంటే పొట్టిగా ఉన్న పిల్ల ఎనిమిదికి వచ్చేసరికి నీ భుజం దాటిపోవచ్చు. ఇప్పుడు పొడుగ్గా ఉన్న పిల్ల అక్కడే ఆగిపోవచ్చు కూడా. ఎవరినైనా ప్రత్యేకంగా వెతకాలనుకుంటే ఖోఖో ఆడేవాళ్లను వెతుకు. స్తంభం దగ్గర ఒడుపుగా తిరగడం, పరిగెడుతూ టక్కున ఆగడం, దిశ మార్చడం వాళ్ల కాళ్లకు వచ్చేసి ఉంటుంది. అది నేర్పాలంటే నీకు దసరా దాకా పడుతుంది. కబడ్డీ పిల్లలూ మంచివాళ్లే, మోకాళ్లు వంచి పక్కకు జరగడం వాళ్లకు తెలుసు. కాకపోతే మొదటి వారం ఎదుటి పిల్ల నడుం పట్టేసుకుంటారు, విజిల్ వేసి వేసి నీ బుగ్గలు నొప్పెడతాయి.

బంతుల సంగతి. పెద్ద మగవాళ్లు ఆడేది 7 నంబరు బంతి. ఆడవాళ్లకు 6 నంబరు, అరకిలో పైచిలుకు బరువు. పన్నెండేళ్లలోపు పిల్లల కోసం 5 నంబరు ఉంటుంది. నీ స్టోర్ రూములో ఇప్పుడున్నవి తప్పకుండా 7 నంబరువే అయ్యుంటాయి, ఎందుకంటే కొనేవాళ్లు నంబరు చూడరు. వాటిని అబ్బాయిలకు ఇచ్చెయ్. స్కూల్ గ్రాంటు ఎంతుంటే అంతకు 5 నంబరు కొన్ని, 6 నంబరు కొన్ని రబ్బరు బంతులు తెప్పించు. సిమెంటు మీద ఖరీదైన బంతి మూడు నెలల్లో నున్నబడిపోతుంది, కాస్కోవో నివియావో మామూలు రబ్బరువి చాలు. ఆరో తరగతి పిల్లలకు దసరా దాకా 5 నంబరే ఇవ్వు. పెద్ద బంతిని రింగు దాకా పంపాలని వాళ్లు నడుం విరిచి, రెండు చేతులతో పొట్ట దగ్గర నుంచి విసరడం మొదలుపెడతారు. ఆ విసురుడు ఒకసారి అలవాటైతే మానిపించడం మహా కష్టం.

రింగు ఎత్తు 3.05 మీటర్లు, అంటే పది అడుగులు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా వాళ్ల మినీ బాస్కెట్‌బాల్‌లో చిన్నపిల్లలకు 2.60 మీటర్లే. నీ స్తంభాలు దిగవు కాబట్టి, బడి గోడ మీద 2.60 దగ్గర సుద్దతో గుండ్రాలు గీయించు. షూటింగ్ మొదటి పాఠాలు గోడ దగ్గరే. మోచెయ్యి బంతి కిందకు రావడం, మణికట్టు ముందుకు వంగడం, వేళ్ల చివరి నుంచి బంతి తిరుగుతూ వెళ్లడం గోడ మీద బాగా తెలుస్తుంది. పైగా పడలేదన్న బెంగ ఉండదు.

ఇక మొదటి రెండు నెలలు ఏం నేర్పాలి? అందరూ డ్రిబ్లింగ్‌తో, అంటే బంతిని నేలకు తడుతూ నడపడంతో మొదలుపెడతారు. నువ్వు పాదాలతో మొదలుపెట్టు. పరిగెత్తి రెండు కాళ్ల మీద ఆగడం, ఒక కాలు నేలకు అతికించి రెండో కాలితో తిరగడం, ఎగిరి దిగడం. ఈ ఎగిరి దిగడం గురించి కాస్త గట్టిగా చెబుతాను. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ ఉంటుంది కదా, అది తెగే ప్రమాదం ఆడపిల్లల్లో మగపిల్లలకంటే కొన్ని రెట్లు ఎక్కువ. వయసొచ్చే దశలో ఎత్తు పెరిగినంత వేగంగా కండ బలం పెరగదు. దిగేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి ఒకదానివైపు ఒకటి వంగిపోతాయి. ఒక పిల్లను బల్ల మీద నుంచి దూకించి ఎదురుగా నిలబడి చూడు, నీకే కనిపిస్తుంది. రెండు పాదాల మీద, మోకాళ్లు వంచి, అవి వేళ్ల వైపే చూసేలా, చప్పుడు కాకుండా దిగాలి. రోజూ వార్మప్‌లో పది నిమిషాలు ఇదే. పిల్లలకు విసుగొస్తుంది, రానీ. ఇది మాత్రం బతిమాలి చేయించేది కాదు.

లే-అప్‌ను, అంటే రింగు దగ్గరకు వచ్చి ఎగిరి బంతి వేయడాన్ని, వెనక నుంచి ముందుకు నేర్పు. సాధారణంగా సగం కోర్టు నుంచి డ్రిబుల్ చేసుకుంటూ రమ్మంటారు. పిల్లకు బంతి, కాళ్లు, రింగు, చూస్తున్న స్నేహితురాళ్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. నువ్వు రింగు కింద కుడిపక్కన నిలబెట్టి, బంతి చేతిలో పెట్టి, ఎడమకాలు ఒక్క అడుగు వేయించి ఎగరమను. బోర్డు మీద చిన్న గడి ఉంటుంది కదా, దాని పై మూలకు బంతి తగలాలి. అది కుదిరాక రెండడుగులు: కుడి, ఎడమ, పైకి. అదీ కుదిరాక ఒక్క డ్రిబుల్ కలుపు. ఆ తర్వాతే పరుగు. నాలుగైదు వారాలు పడుతుంది, తొందరపడకు. ఎడమచేతి వైపు దసరా తర్వాత చూసుకోవచ్చు. ఈ వయసు మ్యాచ్‌ల్లో పాయింట్లన్నీ దాదాపు రింగు కిందే వస్తాయి. మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది, దాన్ని నీ కోర్టులో పెయింట్ వేయించకపోయినా నష్టం లేదు.

బంతి అంటే భయం ఉంటుంది. పాస్ వస్తుంటే మొహం పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకుంటారు. వేలు బెణికిందని ఒకరు ఏడిస్తే మిగతావాళ్లందరికీ వేళ్లు నొప్పెడతాయి. దగ్గర దగ్గరగా నిలబెట్టి, నేల మీద ఒకసారి తట్టి వచ్చే పాస్‌తో మొదలుపెట్టు. భయం తగ్గేకొద్దీ ఒక్కో అడుగు దూరం పెంచు.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం. నీ పిల్లలు మాట్లాడరు. ఇంట్లో, క్లాసులో, బజార్లో "మెల్లగా మాట్లాడు" అని విని విని వచ్చినవాళ్లు. బాస్కెట్‌బాల్ అరవాల్సిన ఆట. బంతి కావాలంటే అరవాలి, వెనక మనిషి వస్తోందని అరవాలి, "నా మనిషి" అని అరవాలి. అందుకని పేరు పిలవకుండా పాస్ ఇస్తే బంతి పోయినట్టే అని నియమం పెట్టు. ఇంకో నియమం, కోర్టులో ఎవరూ "సారీ" అనకూడదు. బంతి చేజారగానే ఆగి, నాలుక కరుచుకుని, నీ వైపు చూసి "సారీ మేడమ్" అంటారు. ఆ రెండు సెకన్లలో ఎదుటివాళ్లు లే-అప్ వేసేసి ఉంటారు. బంతి పోతే వెనక్కి పరుగెత్తడమే సారీ చెప్పడం. ఆగస్టులో నీ వైపు చూసే పిల్ల నవంబరులో చూడకుండా వెనక్కి ఉరికిందంటే, అంతకంటే పెద్ద ఎదుగుదల నీకీ సీజన్‌లో కనిపించదు.

ఎవరు ఎవరికి పాస్ ఇస్తున్నారో కూడా గమనించు. ఒకే వీధి పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకుంటూ, ఊరి చివర కాలనీ నుంచి వచ్చిన పిల్ల చేతులు చాపినా చూడకుండా వెళ్లిపోవడం నేను చాలా బళ్లలో చూశాను. వాళ్లు కావాలని చెయ్యరు. ఇంట్లో నేర్చుకున్నది చేతుల్లోంచి బయటికొస్తుంది, అంతే. ఉపన్యాసం ఇవ్వకు. జతలను చీటీలు తీసి కలుపు, రోజూ మార్చు. అందరికీ ఒకే నీళ్ల క్యాను, అవే గ్లాసులు. ఎవరైనా పెద్దలు వచ్చి గొణిగితే ఇది బడి నియమమని చెప్పి పంపు. హెడ్మాస్టరుగారికి ముందే చెవిన వేసి ఉంచు.

ఇళ్ల సంగతి. బడి తెరిచిన మొదటి పది రోజుల్లో ప్రతి పిల్ల ఇంటికీ ఒకసారి వెళ్లు. నాన్నతో మాట్లాడితే సరిపోదు, అమ్మతోనూ నాయనమ్మతోనూ మాట్లాడాలి. సాయంత్రం ఆ పిల్ల చేసే పనులు ఎవరో ఒకరు చెయ్యాలి కదా, తమ్ముణ్ణి చూసుకోవడం, గిన్నెలు, నీళ్లు. ఆ భారం వాళ్లమీదే పడుతుంది. వాళ్ల ప్రశ్నలు నీకు తెలిసినవే. ఎండకు నల్లబడుతుందేమో, కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్లెలా, చీకటి పడితే ఎవరు తెస్తారు. మొదటి రెండింటికీ నవ్వి ఊరుకో. మూడోదానికి మాత్రం గట్టి సమాధానం ఉండాలి. లాంగ్ బెల్ తర్వాత 4:15కి మొదలు, ఎన్నింటికి ముగుస్తుందో ముందే చెప్పు, ఆ టైము ఐదు నిమిషాలు కూడా దాటనివ్వకు. ఒక వీధి పిల్లలంతా కలిసి వెళ్లాలి, చివరి పిల్ల ఇల్లు చేరాక నీకు మిస్డ్ కాల్ రావాలి. కార్తీకమాసం వచ్చేసరికి ఐదున్నరకే చీకటి పడుతుంది. అప్పుడు సాయంత్రం తగ్గించి ఉదయం పెట్టుకోవాలి. నవంబరులో జట్లు చెదిరిపోవడానికి సగం కారణం ఈ చీకటే. పిల్లలకు ఆట మీద మోజు పోయిందనుకుంటారు, అది కాదు.

ఉద్యోగాల ఆశ పెట్టకు. "స్పోర్ట్స్ కోటాలో రైల్వే జాబ్ వస్తుందా?" అని తండ్రులు అడుగుతారు. చెన్నై అమ్మాయి అనిత పాల్‌దురై దేశానికి కెప్టెన్ అయింది, 2021లో పద్మశ్రీ అందుకుంది. వారణాసి ప్రశాంతి సింగ్‌కు 2019లోనే వచ్చింది. వాళ్ల కథలు పిల్లలకు చెప్పు, ఫోటోలు నోటీసు బోర్డు మీద అంటించు. తండ్రికి మాత్రం "పిల్ల గట్టిపడుతుంది, నలుగురిలో నోరు విప్పుతుంది" అని చెప్పు, అంతే. ఆరో తరగతి పిల్ల మీద రైల్వే ఉద్యోగం మోపితే మొదటి ఓటమికే ఇంట్లో లెక్క తేల్చేస్తారు.

బట్టల దగ్గర పంతం వద్దు. షార్ట్స్ వద్దంటే ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు. అందరివీ ఒకే రంగు ఉంటే చాలు, పోటీకి ముందు నిర్వాహకులకు ఒక మాట చెప్పు. తలకు గుడ్డ కట్టుకునే పిల్లలుంటే, అంతర్జాతీయ పోటీల్లోనే ఫిబా 2017 నుంచి దానికి అనుమతి ఇచ్చింది. ఎవరైనా అభ్యంతరం చెబితే ఆ సంగతి గుర్తుచెయ్. పిన్నులు మాత్రం పెట్టుకోనివ్వకు, గాజులు, పట్టీలు తీయించు.

నెలసరి విషయం నీకు చెప్పక్కర్లేదనుకుంటాం కానీ, పీఈటీలే దీన్ని దాటేస్తారు. ఆరు నుంచి ఎనిమిది లోపే జట్టులో చాలామంది పెద్దమనుషులవుతారు. అప్పుడు జరిగేది నీకు తెలుసు. తొమ్మిది రోజులో పదకొండు రోజులో ఇంట్లో కూర్చోబెడతారు, తర్వాత ఫంక్షన్, చీర కట్టి ఫోటోలు, ఆ తర్వాత "ఇంక ఈ గెంతులేంటి" అంటారు. నీ పదహారు మందిలో నలుగురైదుగురు అక్కడే జారిపోతారు. ఫంక్షన్‌కు పిలిస్తే తప్పకుండా వెళ్లు. ఒంటరిగా కాకుండా జట్టు పిల్లల్ని తీసుకుని వెళ్లు, అందరూ కలిసి అక్షింతలు వేయండి, భోంచెయ్యండి. వచ్చేటప్పుడు వాళ్లమ్మను "పంపిస్తారా?" అని అడగకు. "సోమవారం నుంచి పంపిస్తారా, బుధవారమా?" అని అడుగు. ఈ చిన్న తేడాతో ఎంతమంది వెనక్కి వచ్చారో నేను కళ్లారా చూశాను.

బడిలో ప్యాడ్లు సరిగ్గా అందుతున్నాయో లేదో చూసుకో. ఆంధ్రాలో 2021లో స్వేచ్ఛ పథకం మొదలుపెట్టినప్పుడు ఏడో తరగతి నుంచే ఇచ్చారు. ఆరో తరగతి పిల్లలకూ అవసరం పడుతుంది కదా. నీ బీరువాలో ఎప్పుడూ రెండు ప్యాకెట్లు, ఒక నల్ల ట్రాక్ ప్యాంటు ఉంచు, తాళం చెవి ఎక్కడుందో పెద్దపిల్లకు చెప్పు. కడుపునొప్పి అన్న రోజు ఇంటికి పంపించెయ్యకు. బెంచీ మీద కూర్చోబెట్టి నోట్‌బుక్ చేతికివ్వు. ఆ నోట్‌బుక్ సంగతి తర్వాత చెబుతాను.

తిండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పారేసే పిల్లలు ఉంటారు, పక్కన కూర్చుని తినిపించు. చిక్కీ ఇచ్చే రోజు దాన్ని సాయంత్రం ప్రాక్టీసుకు దాచుకోమను. వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర బ్యాగుల్లో, కిటికీల్లో, చెట్టు మొదట్లో దొరుకుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. రెండు రౌండ్లకే ఆయాసపడి కూర్చునే పిల్లను బద్ధకస్తురాలు అనే ముందు కింది కనురెప్ప తిప్పి చూడు. తెల్లగా పాలిపోయి ఉంటే ఏఎన్ఎమ్ దగ్గరకు పంపి హిమోగ్లోబిన్ చూపించు. మాత్ర భోజనం తర్వాతే, టీతో మాత్రం వద్దు.

ఇక పోటీలు. బడి పిల్లల పోటీలను మేం గ్రిగ్స్ అని పిలిచే రోజుల నుంచి ఇప్పటి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) దాకా పిల్లల్ని తీసుకెళ్లాను కాబట్టి ఒక మాట ముందే చెబుతాను. అండర్-14లో చాలాచోట్ల మండలానికి రెండు బాస్కెట్‌బాల్ జట్లు కూడా ఉండవు, నేరుగా జిల్లా సెలక్షన్లకు పిలుస్తారు. అక్కడ ఎంచేది పిల్లల్ని విడివిడిగా, బడి జట్టును కాదు. నీ దగ్గర నుంచి ఒకమ్మాయి ఎంపికై పది మంది ఖాళీ చేతులతో వచ్చే రోజు ఉంటుంది. ఆ రోజు బస్సులో ఏడుపులు, మర్నాడు ఎంపికైన పిల్లతో ఎవరూ మాట్లాడకపోవడం, ఆ వారం ఇద్దరు మానెయ్యడం, ఇదంతా చూస్తావు. హెడ్మాస్టరుగారు "జిల్లాకు వెళ్లాలి" అన్నారు కదా, అది ఒక పిల్లకు దొరికే అవకాశం. జట్టుకు కావాల్సింది మ్యాచ్‌లు. వాటిని నువ్వే కుదుర్చుకోవాలి. దగ్గర్లో ఉన్న కస్తూర్బా విద్యాలయం, గురుకులం పీఈటీలతో ఇప్పుడే మాట్లాడు. హాస్టల్ పిల్లలు రోజూ ఆడతారు, నీవాళ్లకంటే చాలా ముందుంటారు, అయినా ఫర్వాలేదు. జూలై చివరి నుంచి నెలకు రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు చాలు. అండర్-14కు పుట్టిన తేదీ హద్దు ఏ ఏటికాయేడు సర్క్యులర్‌లో వస్తుంది, చదివి, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు ముందే సిద్ధం చేసుకో. ఆఖరి రోజు జిరాక్స్ షాపులో పడే టెన్షన్ పిల్లలకు అంటుకుంటుంది.

మొదటి మ్యాచ్ చిత్తుగా ఓడిపోతారు. రెండంకెల స్కోరు రాకపోవచ్చు. ఎందుకు ఓడతారో కూడా ఇప్పుడే చెబుతాను. ఎదుటివాళ్లు కోర్టు మొత్తం ప్రెస్ చేస్తారు, అంటే మీ రింగు దగ్గర నుంచే మీద పడి అడ్డుకుంటారు. మీవాళ్లు రింగు కింద నుంచి బంతి లోపలికి వేస్తారు, అందుకున్న పిల్ల తల దించుకుని మూలకు డ్రిబుల్ చేసుకుంటూ పోతుంది. పక్కన గీత, వెనక గీత, ముందు ఇద్దరు. బంతి లాగేసుకుని లే-అప్. మళ్లీ అదే. ఎనిమిది సెకన్లలో సగం గీత దాటాలన్న కంగారు ఒకటి. ఈ వయసులో మ్యాచ్‌లు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. ఆ మ్యాచ్ అయ్యాక ప్రాక్టీసులో ప్రెస్ తప్ప ఇంకేమీ పెట్టకు. బంతి అందుకోగానే ముందు తల ఎత్తి చూడాలి, డ్రిబుల్ తర్వాత. ఒకమ్మాయి ఎప్పుడూ మధ్యలో కనిపించాలి, ఒకమ్మాయి వెనక ఆసరాగా ఉండాలి, మిగతా ఇద్దరూ ముందుకు పరుగెత్తాలి. ఐదుగురికి ఎదురుగా ఏడుగురిని నిలబెట్టి ఆడించు. నెల రోజులు అలా ఆడాక మ్యాచ్‌లో ఐదుగురే ఎదురైతే వాళ్లకు కోర్టు విశాలంగా అనిపిస్తుంది.

ఓడిన రోజు కోర్టు దగ్గర ఏమీ మాట్లాడకు. నీళ్లు తాగించు, ఎదుటి జట్టుకు చేతులు కలిపించు, ఆటో ఎక్కించు. మాట్లాడేది మర్నాడు. "ఏం తప్పు చేశారు?" అని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. "వాళ్లలో ఎవరి ఆట మీకు నచ్చింది, ఏం చేసింది?" అని అడుగు. ఆ వయసు పిల్లలకు కళ్లు భలే పదును, నువ్వు చూడనివి కూడా చెబుతారు.

స్కోరు షీటులో పన్నెండు పేర్లు రాయొచ్చు. పన్నెండూ రాయి, పన్నెండు మందినీ ఆడించు. స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో ప్రతి పిల్లా కనీసం ఒక క్వార్టర్ ఆడాలి, స్కోరు ఎలా ఉన్నా సరే. ఇక్కడ నీకు నాకు గొడవ వస్తుందని తెలుసు, నువ్వు చిన్నప్పటి నుంచి ఓడిపోతే అన్నం మానేసే రకం. కానీ ఆడనివ్వని పిల్ల ప్రాక్టీసుకు ఎందుకు రావాలి చెప్పు?

డిఫెన్స్‌లో జోన్ పెట్టమని పక్క బడి సార్లు సలహా ఇస్తారు. రింగు చుట్టూ ఐదుగురిని నిలబెడితే చిన్నపిల్లలు దూరం నుంచి వేయలేరు కాబట్టి తొందరగా గెలుస్తావు, నిజమే. ఆస్ట్రేలియా, కెనడా లాంటి చోట్ల చిన్నపిల్లల పోటీల్లో సాధారణంగా జోన్ ఆడనివ్వరు, కారణం ఇదే. నిలబడ్డ పిల్ల ఏమీ నేర్చుకోదు. ఒకరికొకరు మనిషిని పట్టుకునే డిఫెన్సే నేర్పు. పాదాలు, మాట, బాధ్యత మూడూ దాన్నుంచే వస్తాయి.

ఇప్పుడు నోట్‌బుక్. మ్యాచ్‌లో, వారానికో రోజు ప్రాక్టీసు ఆటలో, బెంచీ మీదున్న పిల్లతో నాలుగు సంగతులు గీతలు గీయించు. బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నాం, లే-అప్‌లు ఎన్ని వేశాం ఎన్ని పడ్డాయి, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే గీత దగ్గర నుంచి అడ్డు లేకుండా వేసేవి) ఎన్ని, ఎంతమంది వేర్వేరు పిల్లలు స్కోరు చేశారు. స్కోరు షీటు చూస్తే దసరా తర్వాత కూడా ఓటములే కనిపించవచ్చు. ఈ నోట్‌బుక్‌లో మాత్రం బంతి పోగొట్టుకునే గీతలు తగ్గుతూ, స్కోరు చేసేవాళ్ల పేర్లు పెరుగుతూ ఉంటాయి. ఆ పేజీలు పిల్లలకే చూపించు, హెడ్మాస్టరుగారికీ చూపించు. ఫ్రీ త్రోలు ప్రాక్టీసు చివర్లో, అలిసిపోయి ఉన్నప్పుడు, తలా పది వేయించు. చిన్నపిల్లలను గీతకు ఒకడుగు ముందు నిలబడనివ్వు, ఏడాది చివరికి వెనక్కి జరుపు. పదికి మూడు నాలుగు పడితే ఈ వయసుకు చాలా బాగా ఆడుతున్నట్టే.

దసరాకూ సంక్రాంతికీ మధ్య మూడు నెలల్లోనే పిల్లలు నిజంగా మారతారు. వానలు తగ్గుతాయి, కోర్టు ఆరుతుంది. (వానాకాలంలో సిమెంటు మీద పాచి పడుతుంది, బ్లీచింగ్ వేసి రుద్దించు, పొద్దున్నే మంచుంటే చీపురుతో ఊడ్చాకే దిగనివ్వు.) అప్పటిదాకా నువ్వు చెప్పింది చేసే పిల్లలు, చెప్పనిది చెయ్యడం మొదలుపెడతారు. ఒకరు షూట్ చేస్తే ఇంకొకరు రీబౌండ్‌కు, అంటే పడకుండా వెనక్కొచ్చే బంతి కోసం, తనంతట తానే వెళుతుంది. పడిపోయిన పిల్లను లేపడానికి ఇద్దరు వస్తారు. నువ్వు ఆలస్యంగా వెళ్లిన రోజు వార్మప్ అయిపోయి ఉంటుంది. అదే సమయంలో ఒకరిద్దరు వెనక్కి పోయినట్టు కనిపిస్తారు, జూలైలో చక్కగా లే-అప్ వేసిన పిల్ల ఇప్పుడు కాళ్లు తడబడుతుంది. కొలిచి చూడు, ఎత్తు పెరిగి ఉంటుంది. కొత్త కాళ్లకు అలవాటుపడే దాకా కొన్ని నెలలు అలాగే ఉంటుంది. ఆ పిల్ల భుజాలు వంచుకుని నడుస్తుంది కూడా. "ఒడ్డూ పొడుగూ" అని ఎవరూ ఎగతాళి చెయ్యకుండా చూడు. పొడుగు ఉంది కదా అని రింగు కింద పాతెయ్యకు, అందరితో పాటు బంతి తీసుకురావడం ఆమెకూ నేర్పు.

"ఆడపిల్లలు కోర్టంతా పరుగెత్తలేరు మేడమ్" అని స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఈ ఆటంత పాతది. 1891లో నైస్మిత్ ఆట కనిపెట్టిన మరుసటి ఏడాదే అమెరికాలో సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ తన కాలేజీ అమ్మాయిలకు నేర్పింది. కానీ అలిసిపోతారేమోనని కోర్టును మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలంది. ఆవిడ మంచి ఉద్దేశంతోనే చేసింది. ఆ పద్ధతి వారసత్వంగా అయోవా రాష్ట్రంలో హైస్కూలు అమ్మాయిలు 1993 దాకా సగం కోర్టులోనే ఆడారు. స్టాఫ్ రూములో ఈ కథ చెప్పి టీ తాగెయ్, వాదించకు.

కెప్టెన్‌ను నెలకొకరిని మార్చు. బాగా ఆడే పిల్లే కెప్టెన్ కావాలని లేదు. నీ దగ్గర ఒక మెరిక ఉంటుంది, ప్రతి బడిలో ఉంటుంది. గురుకులం వాళ్లో, స్పోర్ట్స్ స్కూలు వాళ్లో అడుగుతారు. వెళ్లనివ్వు, కాగితాలు దగ్గరుండి పూర్తిచెయ్యి. ఆమె ఉన్నన్నాళ్లూ మాత్రం మిగతావాళ్లు బంతి ఆమెకిచ్చి నిలబడకుండా, ప్రాక్టీసులో మూడు పాస్‌లు అయ్యాకే షూట్ అనే నియమం పెట్టు.

ఫిబ్రవరిలో పరీక్షలని వారానికి రెండు రోజులే చెయ్, పూర్తిగా మూసెయ్యకు. ఎనిమిదో తరగతి పిల్లల్ని తొమ్మిదిలోనూ రమ్మను. అండర్-17కు ఆడతారు, సాయంత్రాలు చిన్నవాళ్లకు నేర్పుతారు. నీకు అసిస్టెంట్లు దొరికినట్టే.

బడులు తెరిచేలోపు ఒక పని చెయ్. టేపు తీసుకెళ్లి రింగు ఎత్తు కొలువు. నేల మీద నుంచి కొలవాలి. మేస్త్రీలు పునాది దిమ్మె మీద నుంచి పది అడుగులు కొలిచి బిగించేస్తారు, రింగు అర అడుగు పైకి పోతుంది. అలా ఉంటే సర్పంచి ఊళ్లో ఉండగానే వెల్డరును పిలిపించి దించమను, జూన్ వస్తే ఎవరూ దొరకరు. నెట్లు కొనకు, నా దగ్గర నైలాన్‌వి రెండు జతలున్నాయి, మీ అమ్మ వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. దసరా సెలవుల్లో నాలుగు రోజులు వచ్చి ఉంటాను, ఆ ప్రెస్ సంగతి అప్పుడు కలిసి చూద్దాం. ఏదైనా అడగాలంటే సాయంత్రం ఏడు తర్వాత చెయ్, అంతకుముందు నడకకు పోతాను, ఫోను ఇంట్లోనే ఉంటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ